తాబేలుకు దారి చెప్పే పీరియడ్

బడిలో కంప్యూటర్ ల్యాబ్ ఎక్కడుందో ఎవర్నీ అడగక్కర్లేదు. గుమ్మం బయట నలభై జతల చెప్పులు చిందరవందరగా పడి ఉన్న గదే ల్యాబ్. లోపల దుమ్ము పడకుండా గుడ్డలు కప్పిన సిస్టంలు, ఒక్కోదాని ముందు ముగ్గురేసి పిల్లలు. మౌస్ చేతికి చిక్కినవాడు రాజు, పక్కనున్నవాడు మంత్రి, మూడోవాడు ప్రజ. ‘టీచర్, వీడు నాకివ్వట్లేదు టీచర్’ అన్న ఫిర్యాదు రాని పీరియడ్ ఉండదు.

వారానికి ఒకటో రెండో దొరికే ఆ పీరియడ్‌లో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలు చేసేదేంటని చూస్తే, చాలాచోట్ల సగం సమయం నోట్సుకే పోతుంది. ఇన్‌పుట్ పరికరాలేవి, అవుట్‌పుట్ పరికరాలేవి, కంప్యూటర్‌కు మెదడు ఏది... మిగతా సగం పెయింట్. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఓ పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు. ఒకటో తరగతిలో వేసిన బొమ్మే ఐదో తరగతిలోనూ వేస్తారు. బొమ్మలు వేయడం తప్పేమీ కాదు. కానీ ఆ పని పది రూపాయల క్రేయాన్లూ చేసిపెడతాయి. క్రేయాన్లకు చేతకాని పనులు కంప్యూటర్‌కు మూడు వచ్చు: చెప్పింది చెప్పినట్టు చేయడం, విసుగులేకుండా వెయ్యిసార్లు చేయడం, తప్పుగా చెబితే ఆ తప్పును కూడా అంతే శ్రద్ధగా చేసి చూపించడం. చిన్నపిల్లల ల్యాబ్‌లో ఆసక్తికరమైనవన్నీ ఈ మూడింటి నుంచే పుడతాయి.

ఈ సంగతిని అందరికంటే ముందు గట్టిగా పట్టుకున్నవారు సీమోర్ పాపర్ట్. దక్షిణాఫ్రికాలో పుట్టిన గణితవేత్త. పిల్లలు ఎలా ఆలోచిస్తారన్నదాని మీద జీవితాంతం పరిశోధించిన జాన్ పియాజే దగ్గర జెనీవాలో కొన్నేళ్లు పనిచేసి, తర్వాత అమెరికాలోని ఎంఐటీకి చేరారు. 1967లో వాలీ ఫ్యూర్‌జైగ్, సింథియా సాలమన్‌లతో కలిసి పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు. అప్పటికి కంప్యూటర్ అంటే గదంత యంత్రం, దాన్ని పిల్లల చేతికివ్వడమేంటని నవ్విన పెద్దలు లేకపోలేదు. కొన్నాళ్లకు లోగోకు ఒక తాబేలు తోడైంది. నేలమీద చక్రాలతో పాకే చిన్న యంత్రం అది. కడుపులో పెన్ను ఉంటుంది, పాకినంత మేరా గీత గీస్తుంది. తర్వాత ఆ తాబేలు తెరమీదికెక్కి చిన్న త్రికోణంగా మారింది. మన దగ్గర ప్రైవేటు బడుల కంప్యూటర్ పుస్తకాల్లో ఇప్పటికీ కనిపించేది ఆ తాబేలే.

ఎఫ్‌డీ 100 అంటే వంద అడుగులు ముందుకు. ఆర్‌టీ 90 అంటే కుడివైపు తొంభై డిగ్రీలు తిరుగు. ఈ రెంటినీ నాలుగుసార్లు చేయమంటే చతురస్రం వస్తుంది. ఇంతవరకూ అందరికీ సులువే. అసలు పాఠం త్రిభుజం దగ్గర మొదలవుతుంది.

సమబాహు త్రిభుజంలో ఒక్కో కోణం 60 డిగ్రీలని నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లల్లో ఒకరిద్దరైనా చెబుతారు. ‘అయితే 60 తిరగమను, మూడుసార్లు’ అంటారు మిగతావాళ్లు. కొడతారు. తెరమీద త్రిభుజం రాదు, నోరు తెరుచుకున్న సగం షడ్భుజి వస్తుంది. కంప్యూటర్ పాడైందని ఒకడంటాడు. మళ్లీ కొడతారు, మళ్లీ అదే బొమ్మ. ఇక్కడ టీచర్ బోర్డు మీద జవాబు రాసేస్తే కథ ముగిసినట్టే. అలా చేయకుండా, ఒకర్ని లేపి నేలమీద సుద్దతో గీసిన త్రిభుజం మీద నడవమంటే మూల దగ్గరికొచ్చేసరికి ఆ పిల్లకే తెలిసిపోతుంది. తాను తిరుగుతున్నది లోపలి కోణం కాదు, బయటి మలుపు. దాదాపు వెనక్కి తిరిగినంత పనవుతోంది. 180 లోంచి 60 తీస్తే 120. మూడు మలుపులు కలిపితే 360. చతురస్రంలో నాలుగు తొంభైలు కలిపినా 360. అంటే ఏ ఆకారం చుట్టూ తిరిగొచ్చినా మొత్తం ఒక పూర్తి చుట్టేనా? అయితే ఐదు భుజాల బొమ్మకు 72, ఆరింటికి 60 అవ్వాలి కదా! గంట కొట్టేలోపు ఎవడో ఒకడు 360ని 360తో భాగించి, ఒక్కో అడుగుకు ఒక్కో డిగ్రీ తిప్పి గుండ్రటి సున్నా గీసేస్తాడు.

పాపర్ట్ 1980లో రాసిన ‘మైండ్‌స్టార్మ్స్’ పుస్తకమంతా ఈ దారిలోనే సాగుతుంది. ఆయన దృష్టిలో తప్పంటే ఎర్రసిరాతో కొట్టివేయాల్సింది కాదు, వెతికి పట్టుకుని సరిచేయాల్సింది. ప్రోగ్రామర్లు బగ్ అని పిలిచేది దాన్నే. లెక్కల నోటుపుస్తకంలో ఇంటూ మార్కు పడితే ముఖం ముడుచుకునే పిల్లే, తాబేలు గోడకు గుద్దుకుంటే పకపకా నవ్వి ఇంకోసారి ప్రయత్నిస్తుంది.

ఆ తాబేలుకు వారసురాలు ఒక నారింజరంగు పిల్లి. మిచెల్ రెస్నిక్ నాయకత్వంలో ఎంఐటీ మీడియా ల్యాబ్ బృందం 2007లో విడుదల చేసిన స్క్రాచ్‌లో కనిపించేది ఈ పిల్లే. ఇక్కడ ఆదేశాలను టైపు చేయక్కర్లేదు. రంగురంగుల బ్లాకులను ఒకదాని కింద ఒకటి అతికిస్తే చాలు. కదలికవి నీలం, రూపానికి సంబంధించినవి ఊదా, ఆట మొదలుపెట్టేవి పసుపు. ఉచితం, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు ఇది సరిపోతుంది. ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లలకు స్క్రాచ్ జూనియర్ ఉంది. 2014లో వచ్చిన ఈ యాప్‌లో బ్లాకుల మీద అక్షరాలే ఉండవు, బాణాలూ బొమ్మలే ఉంటాయి. తెలుగు మీడియమా, ఇంగ్లిష్ మీడియమా అన్న తగువు దానికి అంటదు.

స్క్రాచ్‌లో ఆటలు తయారుచేయొచ్చని చాలామందికి తెలుసు. కథలు చెప్పించడం దానికన్నా మంచి ఆరంభం. పంచతంత్రంలోని కోతి-మొసలి కథనే తీసుకుంటే, నేరేడు చెట్టు, నది వెనక తెరగా వస్తాయి, రెండు పాత్రలొస్తాయి. మొసలి ‘మా ఇంటికి రా మిత్రమా’ అంటుంది. కోతి జవాబివ్వాలి. పిల్లలు రెండు పాత్రలకూ మాటలు రాసి, ఆట మొదలుపెట్టే ఆకుపచ్చ జెండా నొక్కితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తారు! మొదట అందరూ పట్టే ఉపాయం ఆగమని చెప్పడం: మొసలి మాట రెండు సెకన్లుంటే, కోతి రెండు సెకన్లు ఆగాలి. మూడో డైలాగుకొచ్చేసరికి అయిదు, ఏడు, పదకొండు... కూడికల చిట్టా తయారవుతుంది. మధ్యలో ఒక్క మాట పెంచితే మొత్తం నాటకం గందరగోళం. అప్పుడు టీచర్ ‘బ్రాడ్‌కాస్ట్’ బ్లాకు చూపిస్తే దాని విలువ తెలుస్తుంది. మొసలి తన మాట అయ్యాక ఒక సందేశం పంపుతుంది, అది అందినప్పుడే కోతి నోరు తెరుస్తుంది. నాటకాల్లో ఎదుటివాడి చివరి మాట పట్టుకుని తన డైలాగు అందుకోవడం ఇదే కదా. పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఒక భాగం ఇంకో భాగానికి కబురు పంపే పద్ధతికి ఇది చిన్న నమూనా. అయితే ఆ సంగతి పిల్లలకు చెప్పాల్సిన పనిలేదు, కోతి టైముకు మాట్లాడితే వాళ్లకు చాలు.

కరెంటు పోతే? జనరేటర్ లేని బడిలో ఇది వేళాకోళపు ప్రశ్న కాదు. దీనికి న్యూజిలాండ్ నుంచి మంచి జవాబు వచ్చింది. కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు ఇయాన్ విటెన్, మైక్ ఫెలోస్‌లతో కలిసి 1990లలో కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ సైన్స్ నేర్పే ఆటలు కూర్చారు. సీఎస్ అన్‌ప్లగ్డ్ పేరుతో అవి ప్రపంచమంతా తిరిగాయి.

వాటిలో ఒకటి గారడీలా ఉంటుంది. ఒకవైపు రంగు, ఒకవైపు తెలుపు ఉన్న అట్టముక్కలు 25 తీసుకుని, అయిదు వరుసల్లో అయిదేసి చొప్పున ఇష్టమొచ్చినట్టు పరచమని ఒక పిల్లాణ్ణి పిలుస్తారు. ‘మరీ సులువుగా ఉంది, ఇంకాస్త కష్టం చేద్దాం’ అంటూ టీచర్ ప్రతి వరుస చివరా, ప్రతి నిలువు వరుస కిందా ఒక్కో ముక్క చేర్చి మొత్తం 36 చేస్తారు. తర్వాత టీచర్ కళ్లు మూసుకుంటే, పిల్లలు ఏదో ఒక ముక్కను తిరగేస్తారు. కళ్లు తెరిచి రెండు క్షణాలు చూసి, టీచర్ సరిగ్గా ఆ ముక్క మీదే వేలు పెడతారు. తరగతి గోలగోలవుతుంది. మళ్లీ తిరగేస్తారు, మళ్లీ దొరుకుతుంది. రహస్యం ఆ ‘కష్టం కోసం’ చేర్చిన ముక్కల్లో ఉంది. ప్రతి అడ్డువరుసలోనూ, నిలువువరుసలోనూ రంగు ముక్కల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా టీచర్ వాటిని పెట్టారు. ఒక్కటి తిరగేస్తే ఒక అడ్డువరుస, ఒక నిలువువరుస బేసిగా మారతాయి. ఆ రెండూ కలిసేచోటే దొంగ.

పుస్తకాల వెనకుండే ఐఎస్‌బీఎన్‌లో చివరి అంకె కూడా ఇలాంటి కాపలాదారే. మన ఆధార్ నంబరులోని పన్నెండో అంకె సంగతీ అంతే. నెదర్లాండ్స్ గణితవేత్త యాకోబస్ వెర్‌హూఫ్ 1969లో వెలువరించిన పద్ధతి ప్రకారం ముందున్న పదకొండు అంకెల నుంచి దాన్ని లెక్కకడతారు. ఎవరైనా ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా కంప్యూటర్ వెంటనే పసిగడుతుంది. అట్టముక్కల గారడీ చూసిన పిల్లలకు ఈ సంగతి చెబితే ఇంటికెళ్లి అందరి ఆధార్ కార్డులూ బయటికి తీయించే ప్రమాదం మాత్రం ఉంది.

ఇంకో ఆటకు అయిదుగురు పిల్లలు చాలు. ఒకరి చేతిలో ఒక చుక్క ఉన్న అట్ట, తర్వాతివాళ్ల చేతుల్లో రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. ఒక సంఖ్య చెబితే అన్ని చుక్కలూ కనిపించేలా ఎవరు అట్టలు చూపాలో, ఎవరు దాచాలో తేల్చుకోవాలి. అన్నీ చూపిస్తే 31. నెలలో రోజులు 31కి మించవు కాబట్టి తరగతిలో ప్రతి ఒక్కరి పుట్టినరోజు తేదీనీ ఈ అయిదు అట్టలతో చెప్పొచ్చు. రెండే అంకెలతో సాగే బైనరీ లెక్కింపు అంటే ఏంటో నిర్వచనం లేకుండానే పట్టుబడుతుంది.

ఇళ్ల ముంగిట వేసే ముగ్గుకూ తాబేలుకూ దగ్గరి చుట్టరికం ఉంది. చుక్కలు పెట్టి, ఒకే మెలికను నాలుగు దిక్కులా తిప్పి వేయడం, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ కాక మరేమిటి? మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి బృందం 1970లలోనే తమిళ ముగ్గులైన కోలాల నిర్మాణాన్ని కంప్యూటర్ భాషల సిద్ధాంతంతో విశ్లేషించింది. చిన్నపిల్లలకు అంత లోతు అవసరం లేదు. తాబేలుతో ఒక చతురస్రం గీయించి, పది డిగ్రీలు తిప్పి, ఈ రెంటినీ 36 సార్లు చేయిస్తే పువ్వులాంటి చక్రం వస్తుంది. పది బదులు నలభై అయిదు పెట్టి ఎనిమిదిసార్లు తిప్పితే ఇంకోటి. సంక్రాంతి ముందు వారం చేయించదగ్గ పని ఇది. ముందు కాగితం మీద వేసి, తర్వాత తెరమీద వేసి, రెండింటిలో ఏది బాగుందో అమ్మలతో తేల్చుకోమంటే తీర్పు ఎటు వస్తుందో చెప్పనక్కర్లేదు!

ఒకటో తరగతి, రెండో తరగతివాళ్లకు టక్స్ పెయింట్ మేలు. బిల్ కెండ్రిక్ 2002లో తెచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మెనూలు తెలుగులోనూ ఉన్నాయి. ఫైలు పేరు, ఫోల్డరు లాంటి చిక్కులు లేకుండా సేవ్ చేసిన బొమ్మలన్నీ బొమ్మలుగానే కనిపిస్తాయి. స్వేచ్ఛ సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులైన ‘స్వేచ్ఛ’ సంస్థ వాళ్లు పిల్లల చదువుకు పనికొచ్చే ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ‘బాల స్వేచ్ఛ’ పేరిట ఓ ఆపరేటింగ్ సిస్టమ్‌నే రూపొందించారు. పాతబడ్డ సిస్టంలున్న బడులకు ఉచిత సాఫ్ట్‌వేర్ దారి చూడదగ్గది.

కీబోర్డు దగ్గరికొస్తే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘ఏబీసీడీలు వరుసగా లేవేంటి?’ దానికి జవాబు వెతకడం మొదలుపెడితే పాత టైప్‌రైటర్ల చరిత్రలోకి వెళ్లాల్సి వస్తుంది. తెలుగు టైపింగ్‌లో అంతకన్నా సరదా ఉంది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. ‘క్ష’ కావాలంటే క, పొల్లు, ష అని మూడు మీటలు నొక్కాలి. పలకమీద ఒక్క గీతలో రాసేసిన అక్షరం లోపల ఏయే ముక్కలున్నాయో మొదటిసారి బయటపడుతుంది. నానమ్మనో అమ్మమ్మనో వాళ్ల చిన్ననాటి ఆట గురించి అడిగొచ్చి అయిదు వాక్యాలు తెలుగులో కొట్టమంటే టైపింగ్ పరీక్ష కాస్తా కథా రచన అవుతుంది. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో ఎవరైనా చదివి, మార్చి, అనువదించుకోగల పిల్లల కథలు తెలుగులోనూ ఉన్నాయి. అక్కడి బొమ్మలకు కొత్త కథ అల్లడం ఇంకో మంచి పని.

ల్యాబ్‌లో అరటిపళ్లు పెట్టి వాయించే పియానో గురించి వినే ఉంటారు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో చదివిన జే సిల్వర్, ఎరిక్ రోసెన్‌బామ్‌లు 2012లో జనంలోకి తెచ్చిన మేకీ మేకీ అనే చిన్న బోర్డు చేసే పని అది. బోర్డుకు ఒక తీగ తగిలించి రెండో కొనను అరటిపండుకు గుచ్చుతారు. పిల్లలు ఒక చేత్తో ఎర్త్ తీగ పట్టుకుని, మరో చేత్తో పండును తాకితే అతి స్వల్ప విద్యుత్తు ఒంట్లోంచి ప్రవహించి వలయం పూర్తవుతుంది, కీబోర్డు మీట నొక్కినట్టే కంప్యూటర్ భావిస్తుంది. పదిమంది చేతులు పట్టుకుని నిలబడి చివరివాడు పండు తాకినా మోగుతుంది. ఏది విద్యుత్ వాహకం, ఏది కాదు అన్న సైన్స్ పాఠం దీనికంటే గట్టిగా ఎక్కదు.

ఇంత చెప్పుకున్నాక, కంప్యూటర్లు పెట్టేస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే మేధావులైపోతారని ఎవరైనా అంటే నమ్మకూడదు. లోగో పాపులర్ అవుతున్న రోజుల్లోనే, 1984లో, రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ అనే పరిశోధకులు ఆ ఆశల మీద చన్నీళ్లు చల్లారు. ప్రోగ్రామింగ్ నేర్చిన పిల్లలకు ఇతర విషయాల్లో పథకం వేసుకునే నేర్పు దానంతటది పెరగదని వాళ్ల అధ్యయనాలు చూపాయి. పెరూలో ‘ఒక్కో బిడ్డకు ఒక్కో ల్యాప్‌టాప్’ పథకం కింద గ్రామీణ బడులకు ల్యాప్‌టాప్‌లు పంచారు. 319 బడులను పరిశీలించి 2012లో వెలువరించిన మదింపులో లెక్కల్లోనూ, భాషలోనూ మార్కులు పెరిగిన దాఖలా కనిపించలేదు.

హైదరాబాద్‌లో జరిగిన ఓ ప్రయోగం మాత్రం ఇంకోలా ఆలోచింపజేస్తుంది. 1999లో ఢిల్లీ కాల్కాజీలో గోడకు కన్నంపెట్టి కంప్యూటర్ అమర్చి పేరుపొందిన సుగతా మిత్రా, మరికొందరితో కలిసి ఇక్కడి ఓ ప్రైవేటు బడి పిల్లలకు మాటల్ని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. ఇంగ్లిష్‌లో మాట్లాడితే అది టైపు చేయాలి. మొదట్లో పిల్లల ఉచ్చారణకు కంప్యూటర్ ఏదేదో కొట్టేది. దానికి అర్థమయ్యేదాకా వాళ్లలో వాళ్లే తంటాలు పడి మాట తీరు మెరుగుపరుచుకున్నారని 2003లో ప్రచురితమైన అధ్యయనం చెబుతుంది. ఉపాధ్యాయుడే అక్కర్లేదనడానికి దీన్ని రుజువుగా చూపేవాళ్లున్నారు. అది అతి. త్రిభుజం దగ్గర సుద్దముక్క అందించి ‘నడిచి చూడు’ అనే మనిషి లేకపోతే, సగం షడ్భుజి దగ్గరే చాలామంది ఆగిపోతారు.

ప్రభుత్వాల చూపు చాలాకాలం ఉన్నత పాఠశాలల మీదే ఉంది. 1984-85లో బీబీసీ మైక్రో కంప్యూటర్లతో మొదలైన క్లాస్ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకం కానీ, 2004 నాటి ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) పథకం కానీ పెద్ద తరగతులకు ఉద్దేశించినవే. జాతీయ విద్యా విధానం 2020 కూడా కోడింగ్‌ను 6-8 తరగతుల దశలో పెట్టింది. కృత్రిమ మేధనూ, కంప్యూటర్‌లా అంచెలంచెలుగా ఆలోచించే పద్ధతినీ 2026-27 నుంచి మూడో తరగతి నుంచే తెస్తామని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. కేరళ ఈ విషయంలో ముందుంది. అక్కడ ఒకటి నుంచి నాలుగో తరగతి పిల్లలకు ‘కళిప్పెట్టి’ అనే ఐసీటీ పుస్తకమే ఉంది, అదీ ఉచిత సాఫ్ట్‌వేర్ల మీద ఆటలతో. తెలంగాణలో ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లలకు చదవడం, లెక్కలు చేయడం కృత్రిమ మేధ సాయంతో నేర్పే కార్యక్రమం 2025లో మొదలైంది. అవసరమైనదే. అయితే అందులో ప్రశ్న వేసేది కంప్యూటర్, జవాబిచ్చేది బిడ్డ. తాబేలు పీరియడ్‌లో ఆజ్ఞ బిడ్డది. వారంలో ఉన్న రెండు పీరియడ్లనూ మొదటిదానికే ఇచ్చేస్తే రెండోదానికి చోటెక్కడ?

మౌస్ కోసం కొట్లాటకు పరిష్కారం ప్రోగ్రామర్ల దగ్గరే దొరుకుతుంది. కొన్ని కంపెనీల్లో ఇద్దరు కలిసి ఒకే సిస్టం మీద పనిచేస్తారు. ఒకరు కీబోర్డు మీద, ఇంకొకరు చెప్పడం మీద. బడిలోనూ అంతే: మౌస్ పట్టినవాడు సొంతంగా నిర్ణయించకూడదు, పక్కనున్నవాడు చెప్పిందే చేయాలి. అయిదు నిమిషాలకోసారి గంట కొట్టి కుర్చీలు మార్పిస్తే ఫిర్యాదులు తగ్గుతాయి. మూడోవాడుంటే వాడి చేతికి కాగితం, పెన్సిల్ ఇచ్చి పీరియడ్‌లో దొరికిన బగ్‌లన్నీ రాయమనొచ్చు.

చివరగా ఫైళ్ల మాట. ఏడాది చివర్లో ల్యాబ్ సిస్టంలు ఫార్మాట్ చేసేటప్పుడు పిల్లల ప్రాజెక్టులన్నీ తుడిచిపెట్టడం చాలా బడుల్లో ఆనవాయితీ. స్క్రాచ్ ఫైలు సాధారణంగా ఒక ఫొటో కంటే పెద్దదేమీ కాదు, ఒక పెన్‌డ్రైవ్‌లో బడి మొత్తం కథలు పడతాయి. జూన్‌లో కొత్త నాలుగో తరగతికి ఖాళీ తెర చూపేకంటే, నిరుటి పిల్లలు చేసిన కోతి-మొసలి కథ తెరిచి, అందులో మొసలికి పెళ్లాన్ని కూడా చేర్చమనొచ్చు. ఇంకొకరి ప్రోగ్రాం చదివి, ఎక్కడ వేలు పెట్టాలో కనిపెట్టి, మిగతాది చెడకుండా మార్చడం అప్పటినుంచే అలవాటవుతుంది.